జమ్ముదూది పక్షులు

పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టిన నలభై ఒక్క పక్షుల్లో మొదటిదాన్ని అరచేతిలోకి తీసుకుని, చాసిబ్ దాని పొట్టమీది కుట్టును సూదిమొనతో కాస్త సడలించాడు. పసుపు తిరిగిన జమ్ముదూది తొంగిచూసింది.

“హమ్మార్ చిత్తడి. తూర్పు గట్టు. పెద్ద వరదొచ్చిన ఏడు.”

నిదాల్ అట్టచీటీ మీద రాసింది. బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మంగళవారాలు మ్యూజియానికి వచ్చి ఊరికే పనిచేసిపెడుతుంది.

“ఎలా పోలుస్తావు హజ్జీ?”

“యుద్ధంలో దూది ఆసుపత్రులకే చాల్లేదమ్మా. పిట్ట దొరికిన చోటే జమ్ము కోసి కూరాను. ఉప్పునీటిది పసుపు, మంచినీటిది తెలుపు. అది చూస్తే మిగతాది గుర్తొస్తుంది.”

మ్యూజియంలో దోపిడీ జరిగిన వారంలో పక్షుల చీటీలన్నీ ఊడిపోయాయి. చీటీ లేని పక్షి మ్యూజియం లెక్కలో ఈకల మూట. సాయంత్రంలోగా పెరట్లో కాల్చెయ్యమని కొత్త డైరెక్టరు మువయ్యద్ హుకుం. ఈ మ్యూజియంలో ముప్పై ఎనిమిదేళ్ళు చాసిబ్ ఏది మొయ్యమంటే అది మోశాడు. ఇవాళ పళ్ళెం పెరట్లోకి పోలేదు, బల్లమీదికి వచ్చింది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక డైరెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏంటిది హజ్జీ? వీటి తేదీలకి రుజువేది?”

“నా పుట్టిన తేదీకి మాత్రం ఏముంది డైరెక్టరు గారూ? చిత్తడిలో పుట్టినోళ్ళందరికీ సర్కారు జూలై ఒకటే రాసేసింది. నేనూ, మా అన్నా, మా గేదెలు కాసినోడూ ఒక్కరోజే పుట్టాం. మీ నాయన గుర్తింపు కార్డు మీదా అదేగా ఉంది. మమ్మల్నీ పెరట్లోకి మోయించండి.”

నిదాల్ కలం మూత కొరికింది.

“తెలియనివాటికి ఏం రాస్తున్నారు?” అన్నాడు డైరెక్టరు.

“తెలీదనే. పదకొండు పిట్టలకి తేదీ తెలీదు, చోటు తెలుసు. అబద్ధం రాయించను.”

చాసిబ్ చీటీని పక్షి కాలికి నల్లదారంతో కట్టాడు. రెల్లు చాపలు అల్లేవాళ్ళ ముడి అది. తర్వాత కత్తెరను పళ్ళెం అంచున, పిడి డైరెక్టరు వైపుకు ఉండేలా పెట్టాడు.

“ఈ ముడి విప్పితే రాదు, కొయ్యాల్సిందే. కోసేది మీ చెయ్యే కావాల.”

డైరెక్టరు కత్తెరను చూశాడు. “సాయంత్రం వస్తా,” అని వెళ్ళిపోయాడు.

ఎండ కిటికీ దాటేదాకా చాసిబ్ చెబుతూ, కడుతూనే ఉన్నాడు. నలభై ఒకటోది కట్టి, బీరువాకు వీపు ఆన్చి నేలమీద కూర్చున్నాడు.

“చక్కెర ఎక్కువే వేశాను హజ్జీ,” అంటూ నిదాల్ టీ గ్లాసు తెచ్చింది.

అతను పలకలేదు. గడ్డానికి అంటిన తెల్లని జమ్ముపోగు పంకా గాలికి లేచి పడుతోంది. అతని ఊపిరికి కాదు.

చీకటి పడకముందే అతన్ని తీసుకెళ్ళారు. డైరెక్టరు పళ్ళెం దగ్గరికి వచ్చాడు. పక్షుల్ని చీటీలతోనే ఒక్కొక్కటే తీసి తన చేతులతోనే సొరుగులో సర్దాడు.

ఖాళీ పళ్ళెం అంచున కత్తెర చాసిబ్ పెట్టినట్టే ఉంది, పిడి డైరెక్టరు వైపుకే.