అమ్మమ్మ గుర్తు

గొర్రెపిల్ల తోక కింద ఎండి అట్టకట్టిన పేడను వేడినీళ్లతో నానబెట్టి వేళ్లతో ఊడదీస్తున్నాను. ఈ ఉదయం ఇది పదకొండోది. మోకాళ్ల మధ్య నొక్కిపెట్టుకుంటే నా ఒళ్లోనే మళ్లీ పారుకుంది. పన్నెండేళ్లుగా మే నెలంటే నాకు ఈ వాసనే.

కొట్టం గుమ్మంలో కాఫీ తాగుతూ మా ఆయన సిగ్‌ఫుస్ అన్నాడు: "ఆల్డా, లోపలికొచ్చే ముందు బట్టలు మార్చుకో. కంపు కొడుతున్నావ్."

గొర్రెలు అతనివి, కంపు నాది.

ఐస్‌లాండ్ ఉత్తరాన మా లోయలో చలికాలమంతా గొర్రెలు కొట్టంలోనే ఉంటాయి. ఈనడానికి నెల ముందునుంచి ప్రోబయోటిక్ పొడిని నీళ్లలో కరిగించి దాణాలో కలుపుదామని అడిగింది నేనే. కడుపులో మేలు చేసే సూక్ష్మజీవులు పెరిగితే మేత బాగా అరుగుతుందని, పుట్టిన పిల్లలకూ అవి చేరితే పారుడు జబ్బు తగ్గవచ్చని పశువైద్యురాలు చెప్పింది. సిగ్‌ఫుస్ పగలబడి నవ్వాడు. "గొర్రె పొట్టలో పెరుగు తోడేస్తావా? అంత సరదాగా ఉంటే నీ పుట్టింటి ఇరవై గొర్రెలకీ పెట్టుకో. నావాటి జోలికి రాకు." అత్తగారు థోరా అల్లిక మీంచి తలెత్తకుండానే "మా కాలంలో గొర్రెలకి ఈ గారాలు లేవమ్మాయ్" అంది. ఆ కాలంలో తోకలు ఎవరు కడిగారో ఆమె వంకర్లు పోయిన వేళ్లే చెబుతాయి.

నా ఇరవై గొర్రెలకీ పెట్టుకున్నాను. వాటి పిల్లలు ముప్ఫై నాలుగు. ఒక్కటీ పారుకోలేదు. నేను కడుగుతున్నవన్నీ అతనివే.

ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల రైతులు నా గొర్రెపిల్లల్ని చూడ్డానికి వచ్చారు. నేను కాఫీ పోస్తున్నాను.

"ముందు ఓ ఇరవై గొర్రెల మీద పరీక్ష చేశాను," అంటున్నాడు సిగ్‌ఫుస్. "కొత్త పద్ధతులంటే భయపడకూడదు."

అత్తగారు కొడుకువైపు మురిపెంగా చూస్తోంది.

"పొడి కలిపే నీళ్లు ఎంత వేడిగా ఉండాలి?" అని పొరుగింటి గుడ్లైగ్ అడిగింది.

"సలసలా కాగాలి. అప్పుడే బాగా కరుగుతుంది."

ఇన్నేళ్లూ అతని తప్పుల్ని వంటింట్లోకి పిలిచి గుసగుసగా దిద్దాను. ఈసారి అక్కడే నిలబడి చెప్పాను. "కాగే నీళ్లు పోస్తే అందులో బతికున్నవన్నీ చచ్చిపోతాయి. గోరువెచ్చగా చాలు, స్కీర్ పెరుగు తోడేసినట్టు."

"నేనన్నదీ అదేగా," అని నవ్వి ఖాళీ కప్పు నా వైపు చాచాడు. "ఇంకాస్త పొయ్."

పదకొండు తోకలు కడిగినప్పుడు కూడా నాకింత అసహ్యం వేయలేదు. పేడ నీళ్లకు పోతుంది.

మర్నాడు గొర్రెపిల్లల చెవులకు గుర్తులు కోసే రోజు. వేసవంతా అందరి గొర్రెలూ కొండమీద కలిసి మేస్తాయి. సెప్టెంబరులో దిగొచ్చాక ఏది ఎవరిదో చెవి కోతే చెప్పాలి. పెళ్లప్పుడు అమ్మమ్మ తన గుర్తు నాకిచ్చింది. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది, కుడి చెవికి వెనక గాటు. జిల్లా గుర్తుల పుస్తకంలో అది ఇంకా నా పేరు మీదే ఉంది. "ఒకే ఇంటి కప్పు కింద రెండు గుర్తులేంటి, విడిపోయినవాళ్లలా?" అని అత్తగారు అన్నందుకు, నా గొర్రెల పిల్లలకూ ఏటా అతని గుర్తే పడింది. కదలకుండా పట్టుకున్నదీ నేనే.

"ఊఁ, పట్టుకో," అన్నాడు సిగ్‌ఫుస్ కత్తి తీస్తూ.

నా గొర్రెపిల్లల్లో మొదటిదాన్ని ఎత్తి అతని ఒళ్లో పెట్టి, చెయ్యి చాచాను.

"కత్తి ఇటివ్వు. ఈ ముప్ఫై నాలుగింటినీ నువ్వు పట్టుకో."