నాలుగు వేళ్ళు తక్కువ

నేను ఒక ముక్కను. నాలుగు వేళ్ళ పొడవున్న సన్నటి గొట్టం ముక్కను. పుట్టినప్పుడు మూరెడు పైనే ఉండేదాన్ని. ఫ్యాక్టరీలో నా ఒంటినిండా కొలత గీతలు గీసి, గాలి చొరని కవరులో పెట్టి పంపారు. చేతి నరంలో దూరి, భుజం దాటి, గుండె వాకిట్లో ఆగి మందు పోయడం మా వంశం పని.

నన్ను విప్పిన నర్సు పేరు సలోమి. అత్యవసర విభాగంలో పదకొండేళ్ళ అనుభవం. ఎవరికైనా నరం దొరక్కపోతే పెద్ద డాక్టర్లు కూడా "సలోమిని పిలవండి" అనేవారు.

ఆ మధ్యాహ్నం బుల్లెమ్మను తీసుకొచ్చారు. నాట్లు వేస్తుంటే కాలికి గాజుపెంకు గుచ్చుకుని, చీముపట్టి, విషం ఒళ్ళంతా పాకింది. బీపీ పడిపోతోంది. దాన్ని లేపే మందు చిన్న నరంలో పోస్తే నరమే కాలిపోతుంది. గుండె దగ్గరే పోయాలి.

మమ్మల్ని పెట్టేముందు రోగి చెయ్యి పక్కకి బారుగా చాపించి, టేపుతో రొమ్ముదాకా కొలిచి, ఆ కొలతకు కత్తిరిస్తారు. బుల్లెమ్మ చెయ్యేమో ఆవిడ గుండెల మీద, మొగుడు సూర్రావు గుప్పిట్లో ఉంది.

"ఒక్క క్షణం వదులు బాబాయ్, కొలవాలి."

"ఒదిలేత్తే బెదిరిపోద్దమ్మా. ఇలాగే కానిచ్చెయ్యి, నీకు పున్నెముంటాది."

సలోమికి జాలేసింది. ముడిచిన చేతి మీదే టేపు పెట్టేసింది, కొలత పొట్టిగా వచ్చింది. కత్తెర పడింది, నేను ట్రేలో పడ్డాను. మిగతా నన్ను ఎక్కించేటప్పుడు చెయ్యి ఎలాగూ చాపించింది గానీ, మళ్ళీ కొలవాలని తోచలేదు. చెయ్యి తిరిగినవాళ్ళకే ఇలాంటి మరుపులు వస్తాయి.

ఎక్స్‌రే తీస్తే, గొట్టం కొస గుండెకి నాలుగు వేళ్ళ ఇవతలే ఆగిపోయింది. కోసిన ముక్క అతకదు కదా. ఆ పొట్టి గొట్టాన్ని లాగేసి, సూర్రావుని బయటికి పంపి, మళ్ళీ మొదట్నుంచీ చేసింది. రెండో గొట్టం సరిగ్గానే చేరింది. కానీ నలభై నిమిషాలు పోయాయి. ఇంకాసేపటికి బుల్లెమ్మ గుండె ఆగిపోయింది.

"విషం అప్పటికే ముదిరిందమ్మా, నీ తప్పేం లేదు" అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. నాకైతే తెలీదు. సలోమి మాత్రం నన్ను చెత్తబుట్టలో వెయ్యలేదు. ట్రేలోంచి ఏరి, చిన్న కవరులో చుట్టి, రొమ్ము జేబులో పెట్టుకుంది.

అప్పట్నుంచీ అక్కడే ఉన్నాను. చేరాల్సిన గుండె ఒకటి, చేరింది ఇంకొకటి. ఇది కొట్టుకుంటున్నంతసేపూ నాకు ఆగిపోయిన ఆ మొదటిదే వినిపిస్తుంది. భయమేస్తుంది. సలోమికీ వినిపిస్తుందనుకుంటాను, ఉన్నట్టుండి జేబు గట్టిగా అదిమి పట్టుకుంటుంది.

ఇప్పుడు ఎవరు ఎంత బతిమాలినా "చెయ్యి వదిలి బయటికెళ్ళండి" అంటుంది. కసాయి మనిషని బంధువులు తిట్టుకుంటారు. మూడుసార్లు కొలుస్తుంది. ఎక్స్‌రే చూశాక మాత్రం తనే తలుపు తీసి, బయటివాళ్ళను లోపలికి పిలిచి, రోగి చేతిని వాళ్ళ గుప్పిట్లో పెడుతుంది. వెచ్చగా ఉందో లేదో ముందు తను పట్టుకుని చూస్తుంది.

ఆ రోజు సూర్రావుకి బుల్లెమ్మ చేతిని తిరిగి ఇచ్చేసరికి అది చల్లబడిపోయింది.