మా ఇంటి లెక్క

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, పెద్దది. అందుకే మా లైను ఇళ్ళలో అందరూ నన్ను మైకు అంటారు. జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ కూడా ఆ పేరు విని నన్ను వెతుక్కుంటూ మిల్లు గేటు దాకా వచ్చింది. పొద్దుటినుంచి తిరిగినా ఆమెకు ఎవరూ సరిగా తలుపు తీయలేదట. తీసిన ఒకరిద్దరూ సగం మందిని చెప్పి, మిగతా సగాన్ని లోపలి గదిలో దాచారట.

"మీ మాటైతే వింటారంట. కాస్త తోడు రండి" అంది.

మిషన్లు మరమ్మతులో ఉన్నాయి, నాకూ పనిలేదు. వెళ్ళాను. మనుషుల్ని లెక్కపెట్టేది పన్ను వేయడానికేనని ఒకరి అనుమానం. గదిలో ఎంతమంది ఉన్నారో తెలిస్తే ఓనరు అద్దె పెంచుతాడని ఇంకొకరి భయం.

"ఓనరుకి చెప్పరు, చెప్పకూడదని రూలుంది. సగం మందిమే ఉన్నామని చెబితే సగం నీళ్ళే ఇస్తారు. తర్వాత బిందెలు పట్టుకుని నా మీద పడొద్దు" అని నడివీధిలో నిలబడి చెప్పాను. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది.

లేతు మిషను మేస్త్రి ఒక్కడూ మొండికేశాడు. ఇంట్లో తనూ, భార్యా ఇద్దరమే అన్నాడు. లోపల ఎవరో దగ్గుతున్నారు.

"ఆ దగ్గేది రేడియోనా?" అన్నాను.

"మా అత్తగారు. ఆవిణ్ణి చూసుకోవాల్సింది మా బావమరిది. నా ఇంట్లో ఎందుకు రాయాలి?"

"మీ బావమరిది ఇంట్లో దగ్గట్లేదు కదా. ఎక్కడ తిని ఎక్కడ పడుకుంటే అక్కడి మనిషే. సిగ్గుండాలి మేస్త్రీ."

మేస్త్రి తల గోక్కుని ముగ్గురని రాయించాడు. ముసలావిడ మంచం మీదినుంచే తన వయసు చెప్పింది, పదేళ్ళు తగ్గించి. టీచరమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది. నాకు మాత్రం చెప్పలేనంత గర్వంగా అనిపించింది.

మా ఇల్లు లైనులో చివరిది, నాన్న కట్టించిన సొంతిల్లు. మొగుడి దెబ్బలు పడలేక నేను పుట్టింటికి వచ్చేసి ఆరేళ్ళయింది. ఆనాటినుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేదీ నేనే, గిన్నెలు తోమేదీ నేనే, మిల్లు జీతం తెచ్చి అన్నయ్య చేతిలో పోసేదీ నేనే. అయినా చిన్న మాట తేడా వస్తే చాలు, వదిన "మీ ఇంట్లో ఇలాగే చేసుకునేదానివా?" అంటుంది. ఆ 'మీ ఇల్లు' ఎక్కడుందో ఆవిడకే తెలియాలి. నేను ఈ ఇంటి మనిషినని మావాళ్ళ నోటితో చెప్పించి ఎక్కడైనా రాయించుకోవాలని నాకు ఆశగా ఉండేది. ఇవాళ ఆ పని అడక్కుండానే జరిగిపోతుందనుకున్నాను.

టీచరమ్మను ముందు గదిలో కూర్చోబెట్టి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" ఆమె గొంతు.

"నలుగురం. నేను, మా ఆవిడ, పాప, అమ్మ." అన్నయ్య గొంతు.

పాలు పొంగిపోయాయి. స్టవ్ కట్టేసి బయటికి వచ్చాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్టిలో పడిందట. నా బతుకూ అంతే అయింది.

టీచరమ్మ నన్ను చూసి, "మరి ఈవిడ?" అంది.

"మా చెల్లెలండీ. చుట్టపుచూపుగా వచ్చింది. మొగుడితో ఏదో మాటా మాటా. ఇవాళో రేపో వెళ్ళిపోతుంది."

"ఆరేళ్ళ చుట్టపుచూపా అన్నయ్యా?"

"నువ్వూరుకో. కాగితం మీదికెక్కితే రేపు ఇంట్లో వాటా అంటావు."

"వాటాలకీ దీనికీ సంబంధం లేదండీ" అని టీచరమ్మ నెమ్మదిగా చెప్పి, గుమ్మం పక్కన కూర్చున్న అమ్మవైపు తిరిగింది. "పెద్దవారు, మీరు చెప్పండమ్మా. మీ అమ్మాయి ఇక్కడే ఉంటుందా?"

అమ్మ నా వైపు చూడలేదు. కొడుకు మొహం చూసింది. "వాడు చెప్పిందే రాయండి" అంది.

మొగుడు కొట్టినప్పుడు కూడా అంత నొప్పి తెలియలేదు.

"ఐదు వేయండి. నా సంగతి నేను చెబుతున్నాను" అన్నాను. టీచరమ్మ మరి ఎవరినీ అడక్కుండా రాసుకుంది. ముక్కూమొహం తెలియని మనిషి రాసింది. కన్నతల్లి చెప్పలేకపోయింది.

సాయంత్రం వంట చేసి నాలుగు కంచాలు పెట్టాను. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"నీ కంచమేది?" అన్నాడు అన్నయ్య.

"నలుగురికే వండాను. మీరు చెప్పిన లెక్కే."

వదిన గిన్నె మూత తీసి చూసింది. అన్నయ్య ఏదో గొణిగి తినడం మొదలుపెట్టాడు. అమ్మ అన్నం కలిపి కంచం నా వైపు జరిపింది.

"వాడికి కోపమొస్తుందని అలా అన్నానే. అంతమాత్రాన నువ్వు నా బిడ్డవి కాకుండా పోతావా? తిను."

ఆకలి దంచేస్తోంది. అయినా కంచం వెనక్కి జరిపాను.

"నువ్వు తినమ్మా. నువ్వు ఈ ఇంటి మనిషివి."

నాతోపాటు పస్తుంటుందనుకున్నాను. అమ్మ ఒకసారి అన్నయ్యవైపు చూసింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని తింది.