అక్షరం ఉన్న మూల

విన్నీని చంపింది ఆడబిడ్డ థర్జా. డాక్టరు న్యుమోనియా అన్నాడు, పెండీన్ ఊరంతా అదే అంది. విన్నీ మొగుడు హెడ్లీ నాన్‌కెర్విస్ ఎవరితోనూ వాదించలేదు. తెలిసిన సంగతికి వాదన ఎందుకు?

విన్నీ పొలిమేర నది అవతలి పిల్ల, దూరాన కెంట్ నుంచి కోడలిగా వచ్చింది. గొడ్డుమాంసం, బంగాళాదుంప, టర్నిప్, ఉల్లి పిండిలో పెట్టి మడిచి, అంచును తాడులా మెలిపెట్టడం ఏడాది తిరక్కుండా నేర్చుకుంది. మొగుడు గనిలోకి పట్టుకెళ్ళేదాని మీద ఒక మూలన అతని పేరులో మొదటి అక్షరం పిండితో అంటించేది. గనివాళ్ళు రెండో మూల నుంచి కొరుకుతారు. సగం తిని పక్కన పెట్టినా, అక్షరం చూసి ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. విన్నీ చేసింది ఎవరు చేసినదానికీ తీసిపోయేది కాదు. ఆ తిండి పేరు దగ్గరే ఆమెకు నోరు తిరగలేదు. ఊరు ‘పాస్టీ’ అంటుంది. ఆమె ‘పేస్టీ’ అనేది.

ఆ ఏడు చర్చివాళ్ళ విందు పక్క ఊళ్ళో జరిగింది. వడ్డన థర్జాది.

“ఏం కావాలి మరదలా? అందరికీ వినబడేలా అడుగు.”

“పేస్టీ, వదినా.”

“అదెక్కడి తిండే తల్లీ! మా ఊళ్ళో దొరకదు. సరిగ్గా అంటేనే పెడతా.”

విన్నీ మళ్ళీ అంది. మళ్ళీ అదే వచ్చింది. బల్లల పొడుగునా నవ్వారు. ఇంకోసారి అనమన్నారు. ఆమె ఖాళీ పళ్ళెం బల్ల మీద పెట్టి లేచింది. వాళ్ళతో బస్సెక్కలేక, సముద్రపు గట్టు వెంట వానలో తడుస్తూ ఇంటికి నడిచింది. ఆ రాత్రే జ్వరం పట్టుకుంది. నెల తిరక్కుండా పోయింది.

చాలా ఏళ్ళకు థర్జాకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పడిపోయింది, మూతి వంకర పోయింది. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడు తప్ప దిక్కులేదు. హెడ్లీ ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు. “ఎంతైనా తోడబుట్టినవాడు,” అని ఎదురింటి లిల్లా ఎడ్డీ అందరికీ చెప్పింది. అతను పూటపూటా జావ తాగించాడు. ఉప్పు కూడా వేయలేదు.

ఒక శనివారం పొయ్యి రాజేశాడు. విన్నీ చేసినట్టే చేశాడు, మూలన థర్జా పేరులో మొదటి అక్షరం అంటించాడు. వేడివేడిది తెచ్చి, ఆమె మంచి చేతికి అందకుండా పెట్టాడు. మాంసం వాసనకు ముసలిదాని గొంతు కదిలింది.

“ఏం కావాలి అక్కా?”

“పే… పే…” వంకర మూతికి ‘పా’ పలకలేదు.

“అందరికీ వినబడేలా అడుగు.”

“పే…స్తీ.”

“అదెక్కడి తిండి! మా ఊళ్ళో దొరకదు. సరిగ్గా అంటేనే పెడతా.”

అప్పుడు ఆమెకు అర్థమైంది. అయినా ఆకలి ఊరుకోలేదు. మళ్ళీ అంది, మళ్ళీ అంది, చొంగ గడ్డం మీదికి కారేదాకా అంది. హెడ్లీ ఎదురుగా కూర్చుని రెండో మూల నుంచి తానే తినడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. అక్షరం ఉన్న ముక్క మిగిల్చి, పళ్ళెం ఆమె మంచి చేతి దగ్గరికి తోశాడు.

“నీది నువ్వు తిను.”

ఆమె చెయ్యి లేవలేదు.

పాలు తెచ్చిన లిల్లా గుమ్మంలోనే నిలబడిపోయింది. “ఛీ! ఏం మనిషివి నువ్వు?”

“విన్నీకి ఇదేగా పెట్టింది.”

“ఆ విందు బల్ల దగ్గర నేనూ ఉన్నాను హెడ్లీ. నువ్వు విన్నీ పక్కనే కూర్చుని తింటున్నావు. ఒక్క మాటన్నా అడ్డం వేశావా?”

హెడ్లీ మిగిలిన ముక్క తీసి పొయ్యిలో పడేశాడు.

థర్జా ఆ తర్వాత జావకు కూడా నోరు తెరవలేదు. ఆమెను పూడ్చి వస్తుంటే దారిలో లిల్లా పక్కకు వచ్చి, “ఆ రోజు…” అంది. హెడ్లీ టోపీ కిందికి లాగుకున్నాడు.

“ఆ సంగతి నా దగ్గర ఎత్తకు. ఇక చచ్చేదాకా దాని గురించి నేను మాట్లాడను.”

మాట్లాడలేదు.