చీర గార్డు లేని బండి

యమున టిఫిన్ డబ్బాల మూతలు బిగిస్తుంటే, జగదీశ్వర్ చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో ఆగాడు. "ఈసారి నీ వాటా పైసలతోని బండి తీస్కుందాం. రుత్విక్ ఒకటి చూసిండు. నీ డ్యూటీకి కూడ అక్కరకొస్తది."

ఆమె డ్యూటీకి 'కూడ'. యమున ఆ ముక్కను చారుతో పాటు డబ్బాలో పోసి మూత పెట్టింది. ప్రత్యేక రాష్ట్రం ఇస్తామన్న ప్రకటన వచ్చిన ఏడాది అది. దసరా ముందు బొగ్గు కంపెనీ లాభాల్లో వాటా పంచగానే గోదావరిఖనిలో బండ్ల షోరూములు కిటకిటలాడతాయి. భర్త బొగ్గుబాయిలో ఫిట్టరు, ఆమె కంపెనీ దవాఖానలో నర్సు. ఇద్దరికీ వాటా వస్తుంది. ఆయనది ఎప్పుడూ ఆయనదే, ఆమెది మాత్రం వచ్చీరాగానే ఇంటిదైపోతుంది. ఇక రుత్విక్ ఆయన తమ్ముడు. డిగ్రీ అయింది, ఉద్యోగం వెతుకుతున్నానంటాడు. సాయంత్రమైతే దోస్తుల బండ్లు అడుక్కుని, గోదావరి బ్రిడ్జి దారిలో ముందు చక్రం గాల్లోకి లేపి ఈలలు వేయించుకుంటాడు. ఆ ఈలల కోసం కావలసిన బండికి ఇప్పుడు వదినె డ్యూటీ అని పేరు పెట్టారు.

డ్యూటీకి ఆమె ఎట్లా పోతుందో ఈ ఇంట్లో ఎవరికి పట్టింది? షిఫ్టులు కలిసిన రోజు ఆయన పాత బండి మీద వెనక కూర్చుని పోతుంది. కలవని రోజు ఆటోలో డ్రైవరు పక్కన, సగం సీటు మీద సగం గాలి మీద. పక్కవాడి మోచెయ్యి ఎక్కడ తగులుతోందో తెలిసీ తెలియనట్టు రోడ్డు చూస్తూ కూర్చోవాలి. అప్పటికే వంట చేసి, అత్త కనకవ్వకు మందులిచ్చి, బట్టలు ఆరేసి వచ్చి ఉంటుంది. బండి నేర్చుకుంటానని ఒకసారి అడిగింది. "నువ్వు పడి కాలిరిగితే డ్యూటీ ఎవలు చేస్తరు?" అన్నాడు జగదీశ్వర్, నవ్వుతూ, ప్రేమగానే. కాలికి నొప్పి పుడుతుందని మాత్రం ఆయనకు తట్టలేదు. కనకవ్వ ఇంకో మాట కలిపింది: "ఎక్కించుకొని తిప్పేటోడు ఉండంగ ఆడిదానికి బండెందుకు బిడ్డా?" ఆ మాటలు యమున లోపల ఎండు చేప ముల్లులా ఉండిపోయాయి. మింగుడు పడవు, బయటికి రావు.

నిజానికి ఈ ఇంట్లో చక్రం లేపడం అందరికంటే ముందు నేర్చుకున్నది ఆమే. చిన్నప్పుడు నాన్న లింగమూర్తి రాత్రి షిఫ్టు దిగి పొద్దంతా నిద్రపోతుంటే, ఆయన పెద్ద సైకిలు ఎత్తుకుపోయి బొగ్గు గనుల మట్టిగుట్టల మీంచి దిగేది. చేతులు వదిలేసి, నిలబడి, ముందు చక్రం లేపి. కాలనీ పిల్లలంతా వెనకాల అరుస్తూ ఉరికేవాళ్లు. ఒకనాడు నాన్న ఎదురుపడ్డాడు. తంతాడనుకుంది. ఆయన సైకిలు పట్టుకుని, "చేతులిడిసినా చూపు ఇడువకు బిడ్డా" అన్నాడు, అంతే. ఆమె పెద్దమనిషైన రోజే అమ్మ సారవ్వ సైకిలుకు తాళం వేసింది. నాన్న తాళంచెవి అడగలేదు. ఆయన మీద యమునకు ఇప్పటికీ కోపం ఆ ఒక్కదానికే.

అయితే, ఇంట్లో తెలియని సంగతి ఒకటుంది. దవాఖాన వెనక ఖాళీ జాగాలో, తోటి నర్సు శోభ తన మొగుడి పాత గేర్ల బండి మీద యమునకు ఎండాకాలమంతా నేర్పింది. లైసెన్సు కూడా ఇప్పించింది. మొదటిసారి క్లచ్చు వదిలి బండి కదిలినప్పుడు యమున ఏడ్చింది. శోభ చూసి, "ఇంకో చుట్టు తిప్పు" అంది.

షోరూములో రుత్విక్ ఎర్ర బండి మీద చేత్తో నిమిరాడు. వెనక సీటు గూనిలా పైకి లేచి ఉంది. "ఎక్కి చూడు వదినె." డ్యూటీ నుంచి అటే వచ్చిన యమున ఒక పక్కకు కూర్చుంది. జారింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ జారింది. అందరూ నవ్వారు. "గట్టిగ పట్టుకోవాలె, అలవాటైతది" అన్నాడు జగదీశ్వర్.

యమున దిగింది. గోడవార నల్లబండి ఒకటి ఉంది, బల్లపరుపు సీటుతో, ఏ ఆర్భాటం లేకుండా. "అది తియ్యి" అంది సేల్స్ అబ్బాయితో.

"గది పాలోళ్ల బండి వదినె! చక్రం లేస్తదా దానికి?"

"లేపేటోళ్లను బట్టి ఉంటది."

చున్నీ నడుముకు బిగించి ఎక్కింది. "ఇజ్జత్ తీస్తవా ఏంది?" అని జగదీశ్వర్ చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే ఆమె గేరు వేసింది. మార్కెట్ రోడ్డు మీద ఆటోల మధ్యనుంచి చౌరస్తా దాకా పోయి వచ్చి, బయలుదేరిన చోటే ఆపింది. రుత్విక్ నోరు తెరిచే ఉన్నాడు.

"బండి ఎవరి పేరు మీద సార్?" సేల్స్ అబ్బాయి జగదీశ్వర్‌ను అడిగాడు.

"నా పేరు మీద" అంది యమున. "వెనక చక్రానికున్న ఆ చీర గార్డు, పక్కకు పెట్టిన ఆడోళ్ల ఫుట్‌రెస్టు ఇప్పెయ్యి."

"వెనక కూసుండే మేడంకు పనికొస్తది కదా అక్కా?"

"వెనక కూసుండేది మా ఆయన. ఆయన చీర కట్టడు."

ఇంట్లో పండుగ దాకా జగదీశ్వర్ మాటలు ముక్తసరిగానే నడిచాయి. యమునకు రాజీ పడదామన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు, అది ఆమెకే వింతగా తోచింది.

దసరానాడు క్వార్టర్ల వరుసంతా బండ్లు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు కట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది కూడా యమునే. హారతిచ్చి కనకవ్వ కేకేసింది: "రుత్విక్‌ను పిలువుండ్రి. నిమ్మకాయలు మొగపిల్లగాడే తొక్కాలె."

"ఎందుకత్తా? నేను డ్యూటీకి పోయేటప్పుడు ఎదురొచ్చే లారీ మొగోడా ఆడిదా అని చూస్తదా?"

పక్క క్వార్టరు పోశవ్వ ఫక్కున నవ్వింది. యమున కొత్త చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుంది. నిమ్మకాయలు పటుక్కున పగిలాయి. వరుస చివర, దారి ఎత్తు మీదికి మళ్లే చోట, ఆమె ఒళ్లు వెనక్కి వాల్చింది. ముందు చక్రం జానెడు లేచింది. కాలనీ అంతా చూసింది. చూపు వదలకుండా చక్రాన్ని మెత్తగా నేలకు దించి, తిరిగి వచ్చి జగదీశ్వర్ ముందు ఆపింది.

ఆయన మొహం పాలిపోయి ఉంది. జమ్మి చెట్టు దగ్గరికి అందరూ బయలుదేరుతున్నారు.

"ఎక్కు, పోదాం" అంది యమున. ఆయన అటూ ఇటూ చూసి, వెనక ఎక్కి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడుముకున్నాడు.

"గట్టిగ పట్టుకో" అంది ఆమె, నవ్వుతూ, ప్రేమగానే. "నువ్వు పడి కాలిరిగితే డ్యూటీ ఎవలు చేస్తరు?"