కాగితంలో రాయని కత్తెర చప్పుడు

తన గుండె ఆపరేషన్‌కు ఇంకా పదిరోజులుందనగా దర్జీ అక్కకు దొర సంగతి తేల్చక తప్పలేదు. దొర అంటే ఆమె పెంచుకుంటున్న పన్నెండేళ్ల పిల్లి. రోజూ తిండిలో మాత్ర నూరి కలపాలి. తనకేమైనా అయితే వాణ్ణి ఎవరు చూస్తారు? ఎటు తిప్పి చూసినా చెల్లెలు తప్ప దిక్కు లేదు. ఆ మాట ఒప్పుకోవడానికే అక్కకు తలకొట్టేసినట్టయింది.

చెల్లెలు ఎక్కడ అడుగుపెట్టినా అందరూ అటే తిరుగుతారు మరి. అమ్మ మంచాన పడ్డ ఏడాదంతా ఎత్తిందీ దింపిందీ అక్క. మందు మాత్రం చిన్నది ఇస్తేనే అమ్మ మింగేది. ఆరేళ్లయినా అక్కకు ఆ మంట చల్లారలేదు. ఇప్పుడు దొర కూడా అటే పోతాడా?

అలవాటు పడాలి కదా అని ముందుగా మూడు రోజులు వాణ్ణి చెల్లెలింట్లో వదిలింది. వెంట రెండు పేజీల కాగితం ఇచ్చింది. నీళ్లగిన్నె ఎక్కడుండాలి, మాత్ర ఎంత మెత్తగా నూరాలి, ఏ పాత గుడ్డ పరవాలి, అన్నీ రాసింది. ఒక్కటి తప్ప. తిండి వేళకు ఆమె తన పెద్ద కత్తెరను గాలిలో రెండుసార్లు ఆడిస్తుంది. ఆ చప్పుడు వింటేగానీ దొర గిన్నె ముఖం చూడడు. అది మరిచిపోలేదు, కావాలనే వదిలేసింది. తను పోతే వాడైనా నాలుగు రోజులు బెంగపెట్టుకోవాలని.

మొదటి రోజు చెల్లెలు ఫోన్ చేసి, బీరువా ఎక్కి కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు అంది. కొత్త కదా అని అక్క సర్దిచెప్పింది గానీ, ఫోన్ పెట్టేశాక కడుపు నిండినట్టయింది. ఆ పూట రెండు చొక్కాలు హుషారుగా కుట్టిపారేసింది. రెండో రోజూ అదే కబురు. మూడో రోజుకు చెల్లెలి గొంతు బొంగురుపోయింది. ఇంకా తినకపోతే కాలేయం దెబ్బతింటుందని పశువుల డాక్టరు చెప్పాడట.

అక్క కత్తెర సంచిలో వేసుకుని ఆదరాబాదరాగా వెళ్లింది. బీరువా మీద దొర ముడుచుకుని ఉన్నాడు. కింద చెల్లెలు గిన్నె పట్టుకుని స్టూలు మీద నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. ఇప్పుడు తను కత్తెర ఆడిస్తే చాలు, చెల్లెలు చూస్తుండగానే వాడు వచ్చి తన కాళ్ల దగ్గర వాలతాడు. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో. చెయ్యి సంచిలోకి పోయింది కూడా.

కానీ వారం తర్వాత ఆ చెయ్యి ఉంటుందో లేదో.

ఇరవై ఏళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని కత్తెరను తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "రెండుసార్లు ఆడించు. నేను బయట ఉంటాను."

"ఇది కాగితంలో లేదేంటక్కా?"

"రాయబుద్ధి కాలేదు. నీ మీద కుళ్లు."

చెల్లెలు కత్తెరలో వేళ్లు దూర్చింది. అక్క గది బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. లోపల కత్తెర రెండుసార్లు ఆడింది. ధబ్బుమని దూకిన చప్పుడు, ఆ వెంటనే గిన్నె నేలకు రాసుకుంటున్న చప్పుడు. తింటున్నాడు. అక్కకు సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది. తలుపుకు చెల్లెలు అంటించుకున్న తన కాగితం చివర, మిగిలిన కాస్త చోటులో రాసింది:

"కత్తెర రెండుసార్లు. ఎవరు ఆడించినా వస్తాడు."