టీ రంగు క్లిప్పు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఫ్యాక్టరీలో క్లిప్పులు వంచి పరీక్షించే అమ్మాయి నోరు జారింది, అదీ క్యాంటీన్‌లో, షెడ్డు షెడ్డంతా వింటుండగా.

నైలాన్ కరిగించి క్లిప్పులు పోసే మెషీను నడిపే మోల్డర్ ఆమె ఎదురుగా కూర్చుని, చెవులు ఎర్రబడుతుండగా పెళ్లి మాట ఎత్తాడు. ఆమెకు లోపల ఎగిరి గంతేయాలనే ఉంది. కానీ అందరి కళ్లూ తన మీదే ఉంటే ఏం చేస్తుంది పాపం, సిగ్గు కొద్దీ బడాయికి పోయింది. “నా చేతిలో విరగని క్లిప్పు తే, ఆ రోజే చేసుకుంటా,” అనేసింది.

ఈ నైలాన్‌ది వింత గుణం. గింజలుగా ఉన్నంతసేపూ దానికి తడి తగలకూడదు. ఆరబెట్టకుండా కరిగిస్తే సరుకంతా తెల్లచారలే. అచ్చులోంచి బయటపడ్డాక మాత్రం నీళ్లు తాగితేనే దానికి వంగే గుణం వస్తుంది. అంతవరకూ సుద్దముక్కలా పుటుక్కుమంటుంది. అందుకే సరుకును ముందు నీళ్ల తొట్టిలో నానేసి, తర్వాతే ఆమె వంచి చూసేది. ఆ తొట్టి గదిలోకి మోల్డర్ ఏనాడూ తొంగిచూసిన పాపాన పోలేదు. అతనికి ఆ సంగతి తెలియదనే ఆమె అనుకుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త అచ్చులోంచి అప్పుడే తీసిన తెల్ల క్లిప్పు తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. వంచింది. పుటుక్కు. ఆ మర్నాడూ అంతే. ప్యాకింగ్‌లో పనిచేసే పిన్ని ముందుగానే స్టూలు వేసుకుని కూర్చునేది, వినోదం ఊరికే వస్తే ఎవరు కాదంటారు? వంచేటప్పుడల్లా విరక్కే, నీకు దండం పెడతా అని అమ్మాయి మనసులోనే క్లిప్పుకు మొక్కుకునేది. నానబెట్టి తెమ్మని చెబుదామంటే, పిల్లే ఎగబడిందంటారని భయం.

ఒక సాయంత్రం పిన్ని వచ్చి చెవిలో ఊదింది. రేపు కూడా విరిగితే అతను వేరే షెడ్డుకు మారిపోతాడట, ఆ పిల్లకు తనంటే ఇష్టం లేదన్నాడట. ఆమె తొట్టి గదిలోకి పరుగెత్తింది.

తొట్టిలో ఉన్నవన్నీ పాత నల్ల క్లిప్పులు. తెల్లదాన్ని అందులో వేసినా చన్నీళ్లలో నానడానికి రోజులు పడతాయి. అందుకని కొత్తది ఒకటి ఇంటికి తెచ్చి, వేడినీళ్లలో త్వరగా నానుతుందని పొయ్యి మీద పెట్టింది. వాళ్లమ్మ ఇచ్చింది పాత టీ గిన్నె ఒక్కటే. మూత తీసి చూసి, ఇదెప్పటికి ఉడుకుతుందే అని అడిగింది కూడా. రేపటికి, అంది కూతురు.

నైలాన్ నీళ్లు తాగింది బాగానే ఉంది, నీళ్లతో పాటు గిన్నెకు పట్టిన టీ రంగునూ తాగేసింది. సబ్బు పెట్టి ఎంత తోమినా ఆ రంగు వదిలితే ఒట్టు.

పొద్దున అతను తల ఎత్తకుండానే క్లిప్పు అందించాడు. ఆమె పక్కకు తిరిగి, దాన్ని జేబులో పడేసి తనది బయటికి తీసి గుప్పిట్లో దాచుకుని వంచింది. రెండు కొసలూ కలిశాయి. మళ్లీ వంచింది. విరగలేదు. పిన్ని స్టూలు మీంచి లేచి వచ్చి ఆమె గుప్పిట విప్పేసింది.

“ఇది నాది కాదు,” అన్నాడు మోల్డర్.

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. ఇక దాచి లాభం లేదు. “నాదే. టీ గిన్నెలో ఉడకబెట్టి తెచ్చా. నీళ్లు తాగనిదే అది వంగదు, నీకు తెలీదు. నువ్వు వెళ్లిపోతే నేను ఉండలేను,” అంది.

“ఎందుకు తెలీదు?” అన్నాడు అతను నెమ్మదిగా. “నానబెట్టి తెస్తే ఎప్పుడో గెలిచేవాణ్ణి. నువ్వు మాట ఇచ్చావు కాబట్టి చేసుకునేదానివి. ఇష్టపడి చేసుకున్నావో లేదో నాకు జన్మలో తెలిసేది కాదు.”

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్లూ తన ప్రాణం తోడేసినందుకు అతని భుజం మీద ఒక్కటిచ్చి, సాయంత్రం అమ్మతో మాట్లాడడానికి ఇంటికి రమ్మంది.